ఎకో నార్మల్, మరి దమ్ము (ఆయాసం) ఎందుకొస్తోంది?

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగులు, గ్రామీణ వైద్యుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక హృద్రోగ వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఈ సభకు రమ్మని ఫోన్ చేసిన పెద్దాయన మొహమాటం లేకుండా ఒక మాట అడిగారు. “డాక్టర్ సాబ్, టూడీ ఎకో తీస్తరు, నార్మల్ అంటరు. మళ్లా స్ట్రెస్ ఎకో అని రాస్తరు. అది అవసరమా, బిల్లా?” అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి దిగిపోతాను. కొన్నిసార్లు అది బిల్లే, దాచడం ఎందుకు? ఫలితం ఎలా వచ్చినా వైద్యం మారదని తెలిసీ రాసే ఏ పరీక్షయినా బిల్లే. కానీ కొందరి విషయంలో ఆ పరీక్ష చేయకపోతే జబ్బే బయటపడదు. ఆ కొందరు ఎవరన్నదే ఈ రోజు సంగతి.

ఎకో అంటే శబ్ద తరంగాలతో గుండె బొమ్మ తీసి చూడటం. ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు, గర్భిణికి కూడా చేయొచ్చు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెర్ట్స్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఓడలు కట్టే చోట లోహంలో పగుళ్లు వెతికే యంత్రాన్ని అరువు తెచ్చి మనిషి ఛాతీ మీద పెట్టి చూశారు. అప్పుడు కనిపించింది బొమ్మ కాదు, కదిలే ఒక గీత. ఆ గీతతోనే వాళ్లు గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు ఇరుకైందా లేదా అని చెప్పడం నేర్చుకున్నారు. ఆ వాల్వు దగ్గరికి మళ్లీ వస్తాను, మన ప్రాంతంలో దానితో చాలా పని ఉంది.

మామూలు టూడీ ఎకో మీరు మంచం మీద పడుకున్నప్పుడు తీస్తారు. ఎద్దును కొనేవాడు కొట్టంలో నెమరేస్తున్న ఎద్దును చూసి డబ్బులు లెక్కపెట్టడు కదా. కాడి మెడ మీద పెట్టి, నాలుగు సాళ్లు తోలి, అప్పుడు బేరమాడతాడు. స్ట్రెస్ ఎకో అంతే. గుండె చేత పని చేయించి, ఆ పనిలో ఉండగా చూడటం.

పడుకున్న గుండె ఎందుకు అంత తేలిగ్గా మోసం చేస్తుందో చెబుతాను. గుండె కండరానికి రక్తం ఇచ్చే నాళాలకు చాలా మిగులు ఉంటుంది. అవసరం వస్తే ప్రవాహాన్ని మూడు నాలుగు రెట్లు పెంచుకోగలవు. అందుకని నాళం సగం పూడుకున్నా కూర్చున్న మనిషికి ఏమీ తెలియదు. 80, 85 శాతం మూసుకుపోతే తప్ప విశ్రాంతిలో ప్రవాహం తగ్గదు. ఆ మనిషి చెర్వుగట్టు గుడి మెట్లెక్కుతాడు, లేదా దర్గా ఉర్సుకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కుతాడు, సగంలో ఛాతీ పట్టేసినట్టయి కూర్చుంటాడు. కిందికి దిగాక సోడా తాగి “గ్యాస్” అంటాడు. మర్నాడు ఎకో తీయిస్తే నార్మల్. ఎకో అబద్ధం చెప్పలేదు. పడుకున్నప్పుడు ఆ గుండె నిజంగానే నార్మల్.

మరి టీఎంటీ ఉంది కదా, ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ చూస్తారు కదా అంటారు. ఉంది. చవక కూడా. కానీ రక్తం చాలనప్పుడు గుండెలో మార్పులు ఒక వరుసలో వస్తాయి. ముందు ఆ భాగంలో కండరం సరిగా వదులవదు. తర్వాత సరిగా ముడుచుకోదు. ఆ తర్వాత ఈసీజీ మారుతుంది. నొప్పి అన్నిటికంటే చివర వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అసలు రాదు. టీఎంటీ పట్టుకునేది మూడో మెట్టును, ఎకో పట్టుకునేది రెండో మెట్టును. పైగా ఈసీజీ మార్పు ఏ నాళంలో లోపమో సరిగా చెప్పలేదు. ఎకోలో ఎడమ గదిని 16 లేదా 17 భాగాలుగా చూస్తాం. ఏ భాగం మందగించిందో చూసి, అది ముందువైపు నాళం పరిధిలోదా, కుడి నాళం పరిధిలోదా అని అంచనా వేయొచ్చు. ఆడవాళ్లలో గుండెకు ఏమీ లేకపోయినా టీఎంటీ పాజిటివ్ రావడం ఎక్కువ. అలాంటి చోట స్ట్రెస్ ఎకో అనవసరమైన యాంజియోగ్రామ్‌ను తప్పించగలదు. ఎకో తప్పులు చేయదని కాదు. నూటికి ఎనభై, ఎనభై అయిదు మందిలో సరిగ్గా చెబుతుంది. ఒక్క నాళంలో చిన్న లోపం ఉంటే తప్పించుకోవచ్చు. బాగా లావున్నవాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో బొమ్మే సరిగా రాదు.

ట్రెడ్‌మిల్ మీద చేసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. బెల్టు ఆగిన వెంటనే మనిషి మంచం మీదికి వచ్చి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. నిమిషం, నిమిషంన్నర లోపు బొమ్మలన్నీ తీసేయాలి. ఆలస్యమైతే గుండె మళ్లీ సర్దుకుంటుంది, లోపం కనబడదు. మన వాళ్లు బెల్టు దిగగానే “ఆగమ్మా, కొంచెం నీళ్లు తాగి వస్తా” అంటారు. ఆ నీళ్లతో పరీక్ష పోయినట్టే. ముందే చెబుతున్నాను, మా టెక్నీషియన్ మిమ్మల్ని చెయ్యి పట్టుకుని గుంజితే కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడు నల్లగొండ సంగతి. పుస్తకాల్లో “రోగిని ట్రెడ్‌మిల్ మీద నడిపించండి” అని ఒక్క వాక్యం రాసి ఉంటుంది. మర్రిగూడ నుంచో మునుగోడు నుంచో వచ్చిన పెద్దాయనను నడిపించండి చూద్దాం. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు దశాబ్దాల పాటు తాగిన శరీరాలు ఇక్కడివి. వెన్ను బిగుసుకుపోయి ఉంటుంది, మోకాళ్లు పూర్తిగా చాపలేరు, మెడ తిప్పలేరు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లొచ్చాక పిల్లల సంగతి మారింది గానీ, ఆ తరం ఎముకలు వెనక్కి మెత్తబడవు. వాళ్లకూ బీపీ ఉంది, షుగర్ ఉంది, గుండె నాళాలు పూడుకుంటాయి. కానీ వాళ్లు ఆయాసం వచ్చేంత దూరం నడవరు. మోకాలు ముందే ఆపేస్తుంది. కాబట్టి గుండె తన లోపాన్ని చెప్పుకునే అవకాశమే రాదు. “ఛాతీనొప్పి వస్తుందా తాతా?” అంటే “రాదు బిడ్డా” అంటాడు. రాదు, నిజమే. మంచం నుంచి అరుగు దాకా నడిచేవాడికి ఎలా వస్తుంది?

ఇలాంటి వాళ్లకు మందుతో స్ట్రెస్ పెడతాం. డోబుటమిన్ అనే మందు సెలైన్‌లో కలిపి పంపు ద్వారా ఎక్కిస్తాం. కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మూడేసి నిమిషాలకు ఒకసారి 10, 20, 30, 40 దాకా పెంచుకుంటూ పోతాం. మనిషి పడుకునే ఉంటాడు, గుండె మాత్రం మెట్లెక్కుతున్నట్టు కొట్టుకుంటుంది. ఎంత వేగం దాకా? 220లోంచి వయసు తీసేయండి, అందులో 85 శాతం. అరవై ఏళ్ల మనిషికి నిమిషానికి 136. అంతదాకా రాకపోతే అట్రోపిన్ కొంచెం ఇస్తాం. మందు ఎక్కుతుంటే గుండె దడదడలాడుతుంది, తల చర్మం జిల్లుమంటుంది, వణుకొస్తుంది, కొందరికి టెన్షన్‌గా ఉంటుంది. అది ముందే చెబితే జనం ధైర్యంగా ఉంటారు, చెప్పకపోతే మధ్యలో లేచి కూర్చుంటారు. పంపు ఆపితే రెండు మూడు నిమిషాల్లోనే మందు ప్రభావం సగానికి పడిపోతుంది. తొందరగా తగ్గించాల్సి వస్తే విరుగుడు ఇంజెక్షన్ పక్కనే సిద్ధంగా ఉంటుంది.

ప్రమాదం ఉందా అంటే, ఉంది. ప్రాణం మీదికి వచ్చేంత ఇబ్బంది నడకతో చేసే పరీక్షలో సుమారు 6,500 మందిలో ఒకరికి, డోబుటమిన్‌తో 550 మందిలో ఒకరికి వచ్చినట్టు అంతర్జాతీయ లెక్కలున్నాయి. అందుకే నడవగలిగిన వాళ్లను నడిపించడమే మేలు. మందు నడవలేని వాళ్లకే. “నడవడం ఎందుకు సార్, ఇంజెక్షన్ ఇచ్చేయండి” అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ రెండు అంకెలు చెబుతాను, చెప్పులు విడిచి బెల్టెక్కుతారు. షాక్ ఇచ్చే యంత్రం లేని చోట, డాక్టరు గదిలో లేకుండా టెక్నీషియన్ ఒక్కడే చేసే చోట ఈ పరీక్ష చేయించుకోవద్దు.

రిపోర్టు పాజిటివ్ వస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ సాయంత్రమే స్టెంటు వేయాలని ఎవరో ఒకరు తొందరపెడతారు. 2020లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 37 దేశాల్లో 5,179 మంది, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. స్ట్రెస్ పరీక్షల్లో లోపం గట్టిగానే బయటపడిన వాళ్లు, కానీ పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లు. సగం మందికి మందులతో పాటు యాంజియోగ్రామ్, దాన్నిబట్టి స్టెంటో బైపాసో. మిగతా సగం మందికి ముందు మందులే. మూడేళ్ల పైచిలుకు చూస్తే మరణాల్లో, గుండెపోటుల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం స్టెంటు తర్వాత ఉపశమనం బాగా ఉంది. ఎడమవైపు మూల నాళంలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లు, గుండె బలం బాగా పడిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరు, అది మరిచిపోవద్దు. నా అభిప్రాయం అడిగితే, నిలకడగా ఉన్న మనిషికి పాజిటివ్ రిపోర్టు వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి, ఆటో ఎక్కి పరుగెత్తడం కాదు.

గుండెపోటు వచ్చిపోయిన వాళ్లకు ఇదే మందుతో మరో పని చేస్తాం. కదలని గోడ చచ్చిపోయిందా, లేక బతికే ఉండి రక్తం చాలక పని మానేసిందా అని చూడటం. తక్కువ మోతాదులో డోబుటమిన్ ఇస్తే బతికున్న కండరం కదలడం మొదలుపెడుతుంది, మోతాదు పెంచితే మళ్లీ చతికిలబడుతుంది. మచ్చ కట్టిన కండరం దేనికీ కదలదు. ఇంత వరకు బాగుంది. కానీ బతికున్న కండరం కనబడింది కాబట్టి బైపాసో స్టెంటో చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్న దగ్గర మాలో మాకే వాదన ఉంది. 2011లో ఒకటి, 2022లో ఒకటి వచ్చిన అధ్యయనాలు ఆ నమ్మకాన్ని బాగా సడలించాయి. అందుకని ఈ పరీక్ష ఇప్పుడు అందరికీ రాయం.

ఇక మైట్రల్ వాల్వు. చిన్నప్పుడు గొంతునొప్పి, దాని వెనక కీళ్లవాపుల జ్వరం వచ్చిన పిల్లల్లో ఏళ్ల తర్వాత ఈ వాల్వు గట్టిపడి ఇరుకవుతుంది. బీద ఇళ్లలో, ఆడపిల్లల్లో ఎక్కువగా చూస్తాం. పాలమూరు వైపు నుంచి పనులకు వలస వెళ్లే కుటుంబాల్లో ఒక కథ పదేపదే వింటాను. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లేవారు, రెండేళ్లుగా ఆమె మానేసి ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకుంటోంది. “ఆయాసమా అమ్మా?” అంటే “ఏం లేదు సార్” అంటుంది. అత్తగారు పక్కనే నిలబడి “బద్ధకం సార్, ఇంకేం లేదు” అంటుంది. బద్ధకం కాదు, ఆమె తనకు తెలియకుండానే ఆయాసం రాని పనులు మాత్రమే చేస్తోంది. ఎకోలో వాల్వు ఒక మోస్తరు ఇరుకు, ఇప్పుడే ఏం చేయనక్కరలేదు అన్నట్టు ఉంటుంది.

ఆమెను నడిపించి చూడాలి. నడకలో వాల్వుకు రెండు వైపులా ఒత్తిడి తేడా (బీపీ కొలిచే మిల్లీమీటర్ల లెక్కలోనే) సగటున 15 దాటినా, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి 60 దాటినా ఆ వాల్వు ఆమెను నిజంగానే కట్టేస్తోందని అర్థం. అప్పుడు బెలూన్‌తో తెరవడం గురించి ఆలోచిస్తాం. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయి అయితే ఇది ఇంకా ముఖ్యం. గర్భంలో ఒంట్లో రక్తం 40, 50 శాతం దాకా పెరుగుతుంది. ఇరుకు వాల్వు అంత రక్తాన్ని పంపలేదు, ఏడో నెలలో రాత్రిపూట ఊపిరాడక అంబులెన్స్ పిలవాల్సి వస్తుంది. ఆ పరీక్ష గర్భానికి ముందే జరగాలి. ఇక్కడ ఉన్న గ్రామీణ వైద్యులకు, ఆశా కార్యకర్తలకు నా విన్నపం. కీళ్లవాపుల జ్వరానికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాసిన పిల్లలు మీ ఊళ్లో ఉంటే దాన్ని మధ్యలో మాననివ్వకండి.

గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే బృహద్ధమని వాల్వు ఇరుకవడం ఎక్కువగా ముసలివాళ్ల జబ్బు. సున్నం పేరుకుని బిగుసుకుంటుంది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, గుండె బలహీనపడినప్పుడు అది గట్టిగా నెట్టలేదు. వాల్వు నిజంగా ఇరుకైందా, లేక నెట్టే బలం లేక తెరుచుకోవడం లేదా అన్నది మామూలు ఎకోలో తేలదు. తక్కువ మోతాదు డోబుటమిన్, 20 మైక్రోగ్రాములు దాటకుండా ఇస్తాం. బలం పుంజుకున్నాక వాల్వు విశాలంగా తెరుచుకుంటే జబ్బు కండరానిది. ఒత్తిడి తేడా 40కి చేరి, వాల్వు వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు దగ్గరే ఆగిపోతే జబ్బు వాల్వుదే, మార్చాలి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఈ వాల్వు బాగా బిగుసుకుని, కళ్లు తిరిగి పడిపోతున్న మనిషిని, ఛాతీనొప్పి వస్తున్న మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. అక్కడ పరీక్షతో పని లేదు, ఆపరేషన్ నిర్ణయమే.

కుర్రాళ్లలో వచ్చేది ఇంకొకటి ఉంది. గుండె మధ్య గోడ పుట్టుకతో వచ్చే గుణం వల్ల మందంగా పెరుగుతుంది, 15 మిల్లీమీటర్లు, అంతకు మించి. కొందరికి పడుకున్నప్పుడు రక్తం బయటికి వెళ్లే దారిలో అడ్డు ఉండదు. కబడ్డీ ఆడేటప్పుడో, రోహిణి కార్తె ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడో, కడుపు నిండా తిన్నాకనో అడ్డు పడుతుంది. నడిపించి చూస్తే ఒత్తిడి తేడా 50 దాటొచ్చు. వీళ్లకు డోబుటమిన్ వాడం. ఆ మందు మామూలు గుండెలో కూడా లేని అడ్డును పుట్టించగలదు. నడిపించే చూడాలి. ఒకరికి ఉందని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా ఎకో తీయాలి.

లావుగా ఉండి, బీపీ షుగర్ ఉన్న అరవై దాటిన ఆడవాళ్లలో పంపింగ్ బాగానే ఉండి ఆయాసం రావడం గురించి కూడా చెప్పాలి గానీ టైమైపోతోందని సైగ చేస్తున్నారు. వాళ్లలో గుండె ముడుచుకోవడం బాగుంటుంది, వదులవడమే బాగుండదు. సైకిల్ తొక్కించి, రక్తం పారే వేగాన్ని చూపే డాప్లర్‌తో చూస్తే తెలుస్తుంది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక గ్రామీణ వైద్యుడు: ఛాతీనొప్పితో చెమటలు పట్టి వచ్చినవాళ్లను ముందు స్ట్రెస్ ఎకోకు పంపాలా సార్?)

వద్దు. అస్సలు వద్దు. అది గుండెపోటు కావచ్చు. వెంటనే ఈసీజీ తీయించండి, 108కి ఫోన్ చేయండి. గుండెపోటు వచ్చిన మొదటి రెండు రోజుల్లో, నొప్పి ఇంకా అదుపులోకి రానప్పుడు, బీపీ ఆకాశంలో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకూడదు.

(మరొకరు: పరీక్షకు ముందు గోళీలు ఆపాలా?)

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. అందుకని కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు ఆపమంటాం. ఆపమని పరీక్ష రాసిన డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా ఆపొద్దు, హఠాత్తుగా ఆపితే కొందరికి నొప్పి ఎక్కువవుతుంది. మూడు నాలుగు గంటలు ఏమీ తినకుండా రావాలి కాబట్టి షుగర్ గోళీ, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో ముందే అడగండి.

(వెనక వరుసలోంచి ఒక పెద్దాయన: రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటది. నార్మల్ అనే మాట తప్ప మాకేం తెల్వదు. ఇంకేం చూడాలె?)

మంచి ప్రశ్న. నాలుగు చూడండి, మనవడితో చదివించుకోండి. ఎన్ని నిమిషాలు నడిచారు. గుండె వేగం ఎంత దాకా వెళ్లింది, మీ వయసుకు రావాల్సిన దాంట్లో అది ఎంత శాతం. ఎందుకు ఆపారు, ఆయాసంతోనా, నొప్పితోనా, కాళ్ల నొప్పులతోనా. ఏ గోడ గురించి ఏం రాశారు. బాగా నడిచి, వేగం పూర్తిగా అంది, గోడలన్నీ బాగా కదిలితే రాబోయే ఏడాదిలో గుండెపోటు వచ్చే అవకాశం సుమారు ఒక శాతం లోపే, షుగర్ ఉంటే కొంచెం ఎక్కువ. మోకాలు నొప్పితో మూడో నిమిషంలోనే ఆపేసి, వేగం 85 శాతానికి చేరకుండానే నార్మల్ అని రాసి ఉంటే, ఆ కాగితం పట్టుకుని మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లి మందుతో చేయమని అడగండి.